అయిదో పూస

"ఇంకొక్కసారి. ఈసారి ఉత్తుత్తి పట్టు కాదు, నిజం పట్టు," అన్నాడు కాసిమ్‌బెక్ ఆగయ్, నోట్లోని ఈల గుండెల మీదికి జారవిడిచి.

అక్-జార్‌లో పిల్లలంతా ఆయన్ని ఆగయ్ అనే పిలుస్తారు, మాస్టారు అన్నట్టు. ఆ కుస్తీ హాలు ఒకప్పుడు ఉన్ని గోదాము. పదిహేనేళ్ళ కిందట ఆగయ్ తన చేతుల్తో తానే నేల చెక్కలు పరిచి, పాత మ్యాటు ఒకటి సంపాదించి దాన్ని హాలు చేశాడు. మార్చి నెల వచ్చినా చలి తగ్గలేదు. గోడల్లోంచి ఇప్పటికీ తడిగొర్రె వాసన వస్తూనే ఉంటుంది.

ఆజర్ కదల్లేదు. ఎదురుగా బురుల్ నడుం వంచి, చేతులు ముందుకి చాపి సిద్ధంగా ఉంది. ఇద్దరికీ పంతొమ్మిదేళ్ళు. ఇద్దరిదీ యాభై ఏడు కిలోల తరగతి. పదకొండు రోజుల్లో రాజధానిలో జట్టు ఎంపిక. హాలు నుంచి ఆ తరగతికి ఒక్కరే పోవాలి, ఆ ఒక్కరూ బురుల్. ఆజర్ పని ఆమెతో తలపడి ఆమెను సానపట్టడం. నాలుగేళ్ళుగా అలాగే జరుగుతోంది. దాని గురించి ఎవరూ ఎప్పుడూ మాట్లాడుకున్నది లేదు.

"ఏమే ఆజర్, జాలిపడుతున్నావా? జాలి ఉంటే ఇంటికిపోయి కంబళ్ళు కుట్టుకో. ఇక్కడేం పని?"

"ఆమె చెయ్యి ఇంకా తిమ్మిరిగానే ఉంది ఆగయ్."

"నేనేమైనా అన్నానా?" అంది బురుల్, ఆజర్ వైపు చురచురా చూసి. "రా నువ్వు."

వారం కిందట బట్టలు మార్చుకునే గదిలో బురుల్ బూటు లేసు ముడేసుకోలేక ఆజర్ ముందు కాలు చాపింది. ఎడమచేతి బొటనవేలూ పక్కవేలూ తనవి కానట్టున్నాయని చెప్పింది. శుక్రవారం ఆగయ్‌కీ చెప్పింది. ఆయన వెనక నిలబడి ఆమె మెడని రెండు బొటనవేళ్ళతో నొక్కి చూశాడు. "నరం పట్టింది. ఉప్పు కాచి మూట కట్టి పెట్టుకో. ఎంపిక కానీ, ఆ తర్వాత ఎన్నాళ్ళు పడుకుంటావో పడుకో," అన్నాడు. అప్పుడు ఆజర్ పక్కనే ఉంది.

ఈల మోగింది. ఆజర్ వంగి ఆమె రెండు కాళ్ళూ చుట్టేసి ఎత్తింది. గాల్లో ఉండగానే బురుల్ తనకలవాటైన ఎదురుపట్టు కోసం తల కిందికి దూర్చింది. ఆ తల అలా దూరి ఉండగానే ఇద్దరి బరువూ దాని మీద పడింది. పెద్ద చప్పుడేమీ రాలేదు. పిండి బస్తా దించినట్టయింది, అంతే.

"ఆజర్, నా కాళ్ళ మీంచి లే," అంది బురుల్.

ఆజర్ ఆమె కాళ్ళ మీద లేదు. పక్కన మోకాళ్ళ మీద కూచుని ఉంది.

ఆగయ్ వచ్చి చంకల కింద చేతులు వేసి లేపబోయాడు. "ముట్టుకోవద్దు," అంది ఆజర్. ఆయనకి అడ్డు చెప్పడం ఆమెకి అదే మొదలు. నిరుడు ఎర్ర చంద్రవంక వైద్య సంఘం నర్సు వచ్చి, మెడకి దెబ్బ తగిలితే ఏం చెయ్యాలో పిల్లలందరికీ చూపించింది. ఆ రోజు అందరూ నవ్వుకుంటూ చూశారు. ఇప్పుడు ఆజర్ వెల్లకిలా పడుకున్న బురుల్ తల వెనక చేరి, రెండు అరచేతుల్లోకీ తలని తీసుకుని, మోచేతులు మ్యాటుకి ఆనించింది. అంబులెన్సు రావడానికి నలభై నిమిషాలు పట్టింది.

దానిలో వచ్చిన కాంపౌండరు దగ్గర ఉన్న మెడపట్టీ ఎవరో భారీ మనిషిది. పెట్టి చూస్తే బురుల్ గడ్డం అందులోకి దిగిపోయింది. ఆయన దాన్ని తీసేసి అటూ ఇటూ తువ్వాళ్ళు చుట్టి పెట్టాడు.

"నీ చేతులే నయం, చెల్లెమ్మా. అలాగే పట్టుకుని ఎక్కు," అని, కాగితం తీశాడు. "ఎలా జరిగింది?"

"గుర్రం మీంచి పడింది," అన్నాడు ఆగయ్.

ఆజర్ తలెత్తి చూసింది. ఆయన ఆమె వైపు చూడలేదు.

దారిలో బజారు దగ్గర ఆగి బురుల్ తల్లి కాలిపాని ఎక్కించుకున్నారు. ఎండబెట్టిన పెరుగుండలు అమ్ముతూ ఉన్నదల్లా ఆ ఉప్పు చేతులతోనే, నడుముకి కట్టిన గుడ్డతోనే ఎక్కింది. కూతురి పిక్క మీద చెయ్యి వేసింది.

"కాలు ఇంత చల్లగా ఉందేమే?"

"ముట్టుకున్నావా అపా?" అని తల్లిని అడిగింది బురుల్.

కాలిపా చెయ్యి తియ్యలేదు.

రాజధానికి మూడువందల కిలోమీటర్లు. దోలోన్ కనుమ దగ్గర రోడ్డంతా మంచు గడ్డ కట్టి, బండి నడకలో పోతోంది. ప్రతి గతుకుకీ ఆజర్ ముంజేతులు ముందే బిగుసుకునేవి. గంటసేపటికి వేళ్ళు మొద్దుబారాయి. బురుల్ కళ్ళు ఆమెకి తలకిందులుగా కనిపిస్తున్నాయి.

కనుమ మీద డ్రైవరు చక్రాలకి గొలుసులు వెయ్యడానికి ఆపాడు. ముందు సీట్లోంచి దిగి ఆగయ్ వెనక తలుపు తీశాడు. ఆయన మీసాల మీద మంచు పొడి పడుతోంది.

"గుర్రం. అందరికీ గుర్తుందిగా?" అన్నాడు. "మ్యాటు మీద అన్నామంటే క్రీడాకమిటీ వాళ్ళు హాలుకి తాళం వేస్తారు. ముప్ఫైనాలుగు మంది పిల్లలు రోడ్డున పడతారు. నా కోసం చెప్పడం లేదు."

"గుర్తుంది ఆగయ్," అంది బురుల్. కాసేపాగి, "తిమ్మిరి సంగతి కూడా ఎవరూ ఎత్తొద్దు. ముందునుంచీ ఉందంటే నన్ను మళ్ళీ మ్యాటు ఎక్కనివ్వరు," అంది.

కాలిపా నడుంగుడ్డ ముడి విప్పి, మళ్ళీ వేసింది.

*

రాజధాని ఆస్పత్రిలో డాక్టర్ ఇస్కెందర్‌కి నలభై ఏళ్ళుంటాయి. సన్నటి మనిషి, నెమ్మదిగా మాట్లాడతాడు. ఒక చేత్తో సూది, ఒక చేత్తో దూది పట్టుకుని బురుల్ భుజం దగ్గర మొదలుపెట్టి కిందికి వచ్చాడు.

"ఇది సూదా, దూదా?"

"సూది."

"ఇది?"

"దూది."

అదీ సూదే. మోకాలి కింద అన్నీ దూదే అంది బురుల్. ఆయన ఆమె పాదాల దగ్గర వంగి నిలబడ్డాడు. "ఎడమకాలి బొటనవేలు కదుపు."

"కదుపుతున్నా."

వేలు కదల్లేదు. "ఇంకోసారి," అన్నాడు. "ఇంకోసారి." నాలుగోసారి చీమ కుట్టినట్టు అది చిన్నగా ఉలిక్కిపడింది. ఆయన ముఖంలో ఏ మార్పూ లేదు. కాగితం మీద రాసుకున్నాడంతే. కానీ ఆ తర్వాత ఆయన నడక వేగం పెరగడం ఆజర్ చూసింది.

ఎక్స్‌రే ఫిల్ము వెలుతురు బల్ల మీద పెట్టి కాలిపాకి చూపించాడు. ఆగయ్, ఆజర్ వెనక నిలబడ్డారు.

"మెడలో ఇది అయిదో పూస. ఇది ఆరోది. అయిదోది ముందుకి జారిపోయింది. వెనక రెండు పక్కలా ముక్కుల్లాంటివి ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. రెండూ ఎగిరి అవతల పడి ఇరుక్కున్నాయి. మధ్యలో వెన్నుపాము నలుగుతోంది. తెగలేదు. ఎంత తొందరగా పూసని దాని చోటికి తెస్తే అంత మంచిది."

"ఎలా తెస్తారు?" అన్నాడు ఆగయ్.

"రెండు దారులున్నాయి. పుర్రెకి రెండు పక్కలా కొంకి బిగించి, బరువులు కట్టి, మెలకువగా ఉండగానే కొద్దికొద్దిగా లాగడం ఒకటి. గంటలో అయిపోవచ్చు. లేదా గొంతు ముందువైపు కోసి, పూసల మధ్యనుండే మెత్తని డిస్కుని తీసేసి, అప్పుడు పూసని సర్ది పలక బిగించడం. మొదటిదాని తర్వాత కూడా పలక బిగించాల్సిందే, కానీ ముందు నలుగుడు ఆగుతుంది. డిస్కు ఎలా ఉందో చూపించే మిషను బాగుచేతలో ఉంది. రేపు మధ్యాహ్నం దాకా రాదు. అంతసేపు నేను ఆగలేను."

"కొయ్యకుండా అయ్యేదే ముందు చూడండి," అన్నాడు ఆగయ్. కాలిపా ఆయన వైపు చూసి తలూపింది. మొగుడు పోయిన దగ్గర్నుంచీ కూతురి విషయంలో ఆమె ఆయన మాటకి తలూపుతూనే ఉంది.

"ఇంతకుముందు మెడనొప్పి, చేతులకి తిమ్మిరి, అలాంటివేమైనా?"

"ఏమీ లేవు. గుర్రం మీంచి పడేదాకా రాయిలా ఉంది పిల్ల," అన్నాడు ఆగయ్.

డాక్టరు మంచం దగ్గరికి వెళ్ళి అదే మాట బురుల్‌ని అడిగాడు.

"లేవు," అంది బురుల్.

ఆయన తల్లి వైపు తిరిగాడు. కాలిపా నోరు తెరిచి, మూసుకుంది. ఆజర్ గోడకి ఆనుకుని ఉంది. ఆమెని ఎవరూ ఏమీ అడగలేదు.

నర్సు వచ్చి బురుల్ చెవుల మీద జుట్టు గొరిగింది. జడ మొదలు దగ్గర తెల్లటి చర్మం బయటపడింది. ఇంకొకామె నడవాలోంచి తోపుడుబండి తీసుకొచ్చింది. దాని మీద తాడు, కప్పీ, ఇనప బరువులూ ఉన్నాయి. రెండున్నర కిలోలవి, అయిదు కిలోలవి. హాలులో ఆజర్ రోజూ ఎత్తేవి అచ్చు ఇలాంటివే. వాటిని బురుల్ తలకి కడతారు.

తను చెప్పినా చెప్పకపోయినా బురుల్ ఈసారి ఎంపికకి పోదు. ఆ చోటు తనది. ఈ ఆలోచన పొద్దున్నుంచీ ఎక్కడో ఉండి ఉండాలి. ఇప్పుడు నడవాలో నిలబడి ఉంటే సిగ్గులేకుండా ఎదురుగా వచ్చి నిలుచుంది.

డాక్టరు చేతులు కడుక్కునే తొట్టి దగ్గరున్నాడు. మోచేతుల దాకా సబ్బు నురుగు.

"గుర్రం కాదు," అంది ఆజర్.

ఆయన చేతులు రుద్దడం ఆపలేదు.

"మ్యాటు మీద. నేనే పడేశాను. తల కింద ఉండగా పడింది." మాటలు వాటంతటవే వస్తున్నాయి. "వారం నుంచీ ఎడమ చెయ్యి తిమ్మిరిగా ఉందంది. లేసు కట్టుకోలేకపోయింది."

నీళ్ళు కట్టేశాడు. "ఏ వేళ్ళు?"

"బొటనవేలు. దీని పక్కది."

ఆయన తడి చేతులు గాల్లో అలాగే పట్టుకుని ఒక క్షణం ఆమె వేళ్ళ వైపు చూస్తూ ఉండిపోయాడు. తర్వాత గది తలుపు భుజంతో తోసి, "బరువులు తీసుకుపోండి. థియేటరు సిద్ధం చెయ్యమనండి, ఇప్పుడే," అన్నాడు. వెనక్కి తిరిగి ఆజర్‌తో అన్నాడు: "అది ఆరో నరం. అయిదుకీ ఆరుకీ మధ్య డిస్కు ముందే బయటికొచ్చి ఉంటుంది. నేను లాగానంటే, పూసతో పాటు అది వెనక్కి జారి వెన్నుపాములో దిగబడొచ్చు. దిగొచ్చు, దిగకపోవచ్చు. చూడకుండా లాగను."

"బాగవుతుందా?"

"తెలీదు," అన్నాడు. ఆ మాటని ఆయన మెత్తన చెయ్యడానికి ప్రయత్నించలేదు.

*

థియేటరు తలుపు మూసుకున్నప్పుడు సాయంత్రం నాలుగు. ఆగయ్ నడవా చివరి నుంచి నడుచుకుంటూ వచ్చి ఆజర్ ముందు నిలబడ్డాడు. కేకలు వేస్తాడనుకుంది. వేస్తే బాగుండేది.

"పదిహేనేళ్ళు," అన్నాడు. "ఒక్క నిమిషంలో తాళం వేశావు."

"డాక్టరు తెలుసుకోవాలి కదా ఆగయ్."

"ఎత్తి పడేసిందీ నువ్వే. చెప్పిందీ నువ్వే. మధ్యలో నేనెందుకు?" ఆయన కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. ఏడ్చాడో, మంచులో ప్రయాణానికో తెలియలేదు. కోటు గుండీలు ఒక్కొక్కటే పెట్టుకుని మెట్ల వైపు వెళ్ళిపోయాడు.

బల్ల మీద కాలిపా పక్కన ఆజర్ కూచుంది. కాలిపా సంచీలోంచి రొట్టె తీసింది, విరవబోయి ఆగింది.

"నువ్వు పడేశావా?"

"అవును ఎజే," అంది, అక్కా అన్నట్టు ఎప్పటిలాగే.

కాలిపా రొట్టె మళ్ళీ గుడ్డలో చుట్టి, సంచీ తీసుకుని, ఎదురు బల్ల మీదికి వెళ్ళి కూచుంది. ఇద్దరి మధ్యా నాలుగడుగుల నేల. మూడు గంటలు అలాగే కూచున్నారు.

ఏడింటికి డాక్టరు వచ్చాడు. టోపీ తీస్తే నుదుటి మీద దాని గీత పడి ఉంది. "పూస చోటికి వచ్చింది. తుంటి ఎముకలోంచి చిన్న ముక్క తీసి మధ్యలో పెట్టి, పలకతో బిగించాం." కాలిపా రెండు చేతులూ ఆయన వైపు చాపింది. ఆయన వాటిని పట్టుకున్నాడు. "డిస్కు ముక్క నిజంగానే వెనక ఉంది. చిక్కుడు గింజంత. ముందు దాన్ని తీశాం కాబట్టి సరిపోయింది." అది కాలిపాతో చెబుతూనే ఆజర్ వైపు ఒకసారి చూశాడు. "కాళ్ళ సంగతీ చేతుల సంగతీ నన్నడగొద్దు. నా పని అయిపోయింది. ఇక ఆ నరాల ఇష్టం."

*

ఆ తర్వాత అయిదు రోజులు చూడ్డానికే సరిపోయాయి. రెండో రోజు కుడికాలు మడమ పరుపు మీద రాసుకుంది. మూడో రోజు మోకాలు మడిచింది. నర్సులు చప్పట్లు కొట్టారు. చేతులు మాత్రం అలా రాలేదు. భుజం లేస్తుంది, మోచెయ్యి ముడుచుకుంటుంది, వేళ్ళు మాత్రం కొంకర్లు పోయి ఉండిపోయాయి. రెండు గంటలకోసారి ఆమెని దుంగలా ఒత్తిగించాలి. దానికి ముగ్గురు కావాలి. ఆ మూడో మనిషిగా ఆజర్ వెళ్ళేది. బురుల్ కళ్ళు మూసుకునేది. మెడపట్టీ వల్ల ముఖం తిప్పుకునే వీలు లేదు.

మూడో రోజు ఆజర్ ఫోనుకి హాలు పిల్లల సందేశాలు వచ్చాయి. తలుపుకి తాళం వేసి, కాగితం అంటించిన ఫొటో పంపారు. కమిటీ విచారణ తేలేదాకా అక్-జార్ నుంచి ఎంపికకి ఎవరూ పోకూడదట. "యాభై ఏడు కోసం మెడ విరిచింది. అదీ దక్కలేదు," అని ఒక పిల్ల రాసింది. నిరుడు ఆ పిల్లకి బూట్లు తనే ఇచ్చింది. ఆజర్ ఫోను బోర్లా పెట్టింది.

అయిదో రోజు పొద్దున క్రీడాకమిటీ నుంచి ఒకావిడ వచ్చింది. యాభై దాటినావిడ, తోలుసంచీ, కళ్ళజోడుకి గొలుసు. కుర్చీ లాక్కుని మంచం పక్కన కూచుని, మోకాలి మీద ఫైలు తెరిచింది. కాలిపా గిన్నెలోని షోర్పో చారు చల్లారబెడుతోంది. ఆజర్ తలుపు దగ్గర నిలబడింది.

"నిన్ను ఎక్కువ విసిగించను, తల్లీ. ఒక్క ముక్క చెప్పు. ఎలా పడ్డావు?"

"గుర్రం మీంచి," అంది బురుల్.

ఆవిడ కళ్ళజోడు పైకి తోసుకుంది. "ఆస్పత్రి కాగితంలో వేరేలా ఉంది. ఈ అమ్మాయి చెప్పిందని ఉంది."

"ఆజర్ బెదిరిపోయింది. డాక్టరేదో అడిగితే ఏదో చెప్పేసింది. తను నన్ను పడెయ్యలేదు. నాకు మెడనొప్పీ లేదు, ఏమీ లేదు. ఆగయ్ తప్పేం లేదు. హాలు తెరవండి."

ఈ మాటలు పడుకుని సాధన చేసినట్టు తడబాటు లేకుండా వచ్చాయి. ఆవిడ ఆజర్ వైపు తిరిగింది.

"ఏమ్మా? రాయమంటావా అలాగే?"

ఏం చెప్పాలి? కాదంటే మంచం మీద పడున్నదాన్ని అబద్ధాలకోరు అన్నట్టు. ఔనంటే తనే అబద్ధాలకోరు. "మీ ఇష్టం," అంది.

"నా ఇష్టమేముంది, మీరు చెప్పిందే రాస్తాను." ఆవిడ కలం మూత తీసింది.

"మాకు గుర్రం లేదు," అంది కాలిపా.

ఆమె గిన్నెలో చెంచా తిప్పుతూనే ఉంది. ఎవరితో అన్నదీ తెలియనంత మెల్లగా అంది.

"అపా," అంది బురుల్.

"ఉన్న ఒక్కదాన్నీ మీ నాన్న చావు వంటకి కోశాం. నాలుగేళ్ళయింది. మళ్ళీ కొనలేదు."

"ఇంకొకళ్ళ గుర్రం అయ్యుండొచ్చుగా, ఎజే?" అంది ఆవిడ.

"మంగళవారం పొద్దున నా చేతి చాయ్ తాగి, బూట్లు సంచీలో వేసుకుని హాలుకే పోయింది. పియాలా రెండు చేతుల్తో పట్టుకుని తాగింది, చిన్నపిల్లలా. అంతకు ముందు రోజు ఒకటి చెయ్యి జారి పగిలింది." కాలిపా చెంచా గిన్నెలో వదిలేసింది. "డాక్టరు అడిగినప్పుడు నేనూ అక్కడే ఉన్నాను. గుర్రం లేదని నాకు తెలుసు. పియాలా సంగతీ తెలుసు. ఆగయ్ ఉన్నాడు కదా, ఆయనకి తెలియనిదేముందిలే అని నోరు మూసుకున్నాను. నా కూతురి నెత్తికి ఇనుము కట్టబోతుంటే నోరు మూసుకున్నాను. ఈ పిల్లకున్న బుద్ధి నాకు లేకపోయింది. రాయండి. నా పేరు కూడా రాయండి."

కమిటీ ఆవిడ చాలాసేపు రాసింది. కాలిపా సంతకం పెట్టింది. బురుల్ వంతు వచ్చేసరికి ఆవిడ కాగితం అటూ ఇటూ తిప్పి, ఏమీ అనకుండా ఫైలులో పెట్టేసుకుంది. వెళ్ళేముందు, "హాలు ఇప్పట్లో తెరవరమ్మా," అంది, ఎవరి వైపూ చూడకుండా.

ఆవిడ వెనకే కాలిపా లేచింది. ఆజర్ పక్కనుంచి పోతూ ఆగి, ఆమె ముంజేతిని ఒకసారి గట్టిగా పట్టుకుని వదిలింది. "పొద్దున్నుంచీ ఏమీ తినలేదు నువ్వు. సంచీలో రొట్టె ఉంది, తీసుకో," అని ముఖం కడుక్కోవడానికి బయటికి పోయింది.

గదిలో ఇద్దరే మిగిలారు. బురుల్ కళ్ళు పైకప్పు మీద ఉన్నాయి. కంటి చివర్ల నుంచి నీళ్ళు గొరిగిన జుట్టులోకి పోతున్నాయి.

"డాక్టరు నిన్న చెప్పాడు," అంది. "ఒక్క పూస అతికిస్తే కొందరు మళ్ళీ కుస్తీ పడతారట. నాకు వెన్నుపాము నలిగింది కాబట్టి లేదట. ఎప్పటికీ లేదట."

ఆజర్ మంచం అంచున జారిన దుప్పటి సర్దింది.

"హాలన్నా ఉంటుందనుకున్నాను. పోయి గోడవారన కూచుని చూద్దామనుకున్నాను."

"ఊఁ."

"నిన్ను చూస్తే నాకు మండుతోంది. తెలుసా?"

"తెలుసు."

"పో మరి."

ఆజర్ సంచీ తీసుకుంది. అక్-జార్ బండి పదకొండింటికి ఉంది. ఊళ్ళో ఎవరి ముఖం చూడాలో, పొద్దున ఆరింటికి లేచి ఎక్కడికి పోవాలో ఆమెకి తెలియదు. తలుపు గొళ్ళెం మీద చెయ్యి వేసింది.

వెనక దుప్పటి సర్రుమంది. తిరిగి చూస్తే బురుల్ కుడిచెయ్యి గాల్లోకి లేస్తోంది. మోచెయ్యి ముడుచుకుంది, కొంకర్లు పోయిన వేళ్ళ పిడికిలి వణుక్కుంటూ మెడపట్టీ దాకా వచ్చి, అక్కడ తగిలి, గుండెల మీద పడిపోయింది. మళ్ళీ లేచింది. మళ్ళీ పడింది. మూడోసారి లేవలేదు.

"ఆజర్."

"ఏం?"

బురుల్ చూపు పైకప్పు మీదే ఉంది.

"ముక్కు దురదగా ఉంది," అంది బురుల్, పళ్ళ మధ్యనుంచి.

ఆజర్ సంచీ కింద పెట్టి మంచం దగ్గరికి వచ్చింది. వంగి, చూపుడువేలితో మెల్లగా గోకింది.

"ఇక్కడా?"

"కాదు. కొంచెం పైన."